చీటీలో వదిలేసిన మాట

ఆ వేసవిలో నేను చేసిన తప్పు ఒక ఇంగ్లీషు మాటకు సంబంధించింది. ఆ మాటను అప్పటికి పదిహేడేళ్ళుగా పిల్లలకు నేర్పుతున్నాను.

మా ఊరు మండపేటకు ఐదు మైళ్ళు. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారిని కాబట్టి ఊళ్ళో ఎవరికి ఏ కాగితం వచ్చినా నా దగ్గరికే తెచ్చేవారు. టెలిగ్రాములు, కోర్టు నోటీసులు, మందుల చీటీలు. కళ్ళజోడు పెట్టుకుని, కాగితం మొత్తం ఒకసారి మనసులో చదువుకుని, అప్పుడు తెలుగులో చెప్పేవాణ్ణి. ఒక్క మాట వదిలేవాణ్ణి కాదు. "మాస్టారు చదివి చెప్పారు" అంటే ఊళ్ళో ఇక ఆ కాగితం గురించి రెండో మాట ఉండేది కాదు.

మా ఆవిడ కన్యక చీటీ మాత్రం కాకినాడ బస్టాండులో, ఒక చేత్తో టీ గ్లాసు పట్టుకుని చదివాను.

కన్యకకు చిన్నతనంలో కీళ్ళ నొప్పులతో జ్వరం వచ్చి గుండెలో ఒక కవాటం దెబ్బతింది. పిల్లలు వద్దన్నారు డాక్టర్లు. ఆ మాట ఆమెకు సరిగ్గానే చెప్పాను. కాకినాడలో కొత్తగా చూపించిన గుండె డాక్టరు చీటీ కింద నాలుగు వాక్యాలు ఇంగ్లీషులో రాసిచ్చాడు. మా బస్సు అప్పటికే స్టార్టు చేసి ఉంది.

"ఏం రాశారండీ?" అంది కన్యక.

"పెన్సిలిన్ ఇంజక్షను మూడు వారాలకోసారి, తప్పకూడదట. పళ్ళు మాత్రం పీకించకూడదట."

"గుండెకి చూపించుకోవడానికి వస్తే పళ్ళ సంగతి రాశారేంటండీ?" అని నవ్వింది.

"ఫీజు పుచ్చుకున్నాక ఏదో ఒకటి రాయాలి కదా" అన్నాను. నేనూ నవ్వాను. టీ గ్లాసు బల్ల మీద పెట్టి, చీటీ మడిచి జేబులో పెట్టుకుని బస్సెక్కాను.

అది 1981లో. తర్వాత రెండేళ్ళూ మూడు వారాలకోసారి ఊళ్ళో ఆరెంపీ డాక్టరు అచ్చిబాబు వచ్చి ఇంజక్షను చేసి వెళ్ళేవాడు. అందులో లోపం జరగలేదు. చీటీని నేను మళ్ళీ మందుల షాపులో చూపించడానికే తప్ప చదవడానికి తీయలేదు.

1983 ఏప్రిల్లో కాలవలు కట్టేశారు. మా వైపు ఏటా అంతే. పంట కోతలయ్యాక ధవళేశ్వరం దగ్గర నీళ్ళు ఆపేస్తారు. నెలన్నర పాటు కాలవ అడుగు కనిపిస్తుంది. గుంటల్లో మిగిలిన నీళ్ళలో చేపలు పట్టుకుంటారు. బురద ఎండి ఒక రకం వాసన ఊరంతా కమ్ముకుంటుంది. మా ఇల్లు కాలవ గట్టునే. అందుకే మొదట్లో ఇంట్లో వాసన వస్తుంటే కాలవదే అనుకున్నాను.

కాదని ఒక సాయంత్రం తెలిసింది. కన్యక కాఫీ తెచ్చి ఇచ్చి, తన తమ్ముడు రాసిన ఉత్తరంలో చిరునామా సరిగా ఉందో లేదో చూడమని నా భుజం మీదుగా వంగింది. నేను మొహం పక్కకు తిప్పుకున్నాను.

"నోరు శుభ్రంగా కడుక్కోరాదా?" అన్నాను.

"ఇప్పుడే కడుక్కున్నానండీ" అంది.

ఆమె రోజూ కచ్చికా ఉప్పూ కలిపి పళ్ళు తోముకునేది. నేను సోమవారం సోమవారం ప్రార్థన అయ్యాక పిల్లల్ని వరసగా నిలబెట్టి గోళ్ళూ పళ్ళూ చూసేవాణ్ణి. పళ్ళు పాచిగా ఉన్నవాణ్ణి బావి దగ్గరకు పంపేవాణ్ణి. ఇంట్లో మనిషిని నోరు తెరిచి చూపించమని మాత్రం అడగలేదు. వాసన అంటే అశుభ్రత అనుకున్నాను. జబ్బు అనుకోలేదు.

ఆ మర్నాటి నుంచి నాతో మాట్లాడేటప్పుడు కన్యక పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకోవడం మొదలుపెట్టింది. నాకది హాయిగా ఉంది. ఇది రాయడం కష్టంగా ఉంది గాని, హాయిగానే ఉంది.

ఆవకాయ పెట్టడానికి పిఠాపురం నుంచి మా అత్తగారు అన్నపూర్ణమ్మగారు వచ్చారు. వచ్చిన రోజే కూతురి మొహం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి, నోరు తెరవమన్నారు. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటున్నాను.

"ఓసి నీ దుంపతెగ! ఆ ఎడంవైపు దంతం సగం పిప్పయిపోయిందే. చిగురు చూడు ఎలా వాచిందో. ఎన్నాళ్ళ నుంచే?"

"శివరాత్రి నుంచమ్మా."

"శివరాత్రి నుంచీ నోరు మూసుకు కూచున్నావా? లవంగం పెట్టావా?"

"పెడుతున్నాను. లవంగ నూనె కూడా పెట్టాను. రెండు గంటలు ఊరుకుంటుంది, మళ్ళీ వస్తుంది. కుడివైపే నముల్తున్నాలే."

"పీకించి పారేయక ఈ అవస్థ దేనికే? మా వీధిలో నరసమ్మత్త మూడు పీకించుకుంది. సాయంత్రానికి పెరుగన్నం తింది."

"నేను పీకించుకోకూడదమ్మా. ఆయన చీటీ చదివి చెప్పారు."

అత్తగారు నా వైపు తిరిగారు. "నిజమేనా అల్లుడుగారూ? పన్ను పీకిస్తే ఏమవుతుందండీ?"

నేను పేపరు దించాను. "గుండె జబ్బు ఉన్నవాళ్ళకి కూడదండి. డాక్టరుగారు రాతపూర్వకంగా రాసిచ్చారు" అన్నాను. 'రాతపూర్వకంగా' అన్న మాట నేను అన్న తీరు కూడా నాకు గుర్తుంది. తరగతిలో ఒక వ్యాకరణ సూత్రం చెప్పి, ఇక ప్రశ్నలు అక్కర్లేదన్నట్టు పుస్తకం మూసేటప్పుడు అలా అంటాను.

"అయితే మాట్లాడేదేముంది" అన్నారు ఆవిడ. "చదువుకున్నవాళ్ళు మీరు."

కన్యక నా వైపు చూసింది. ఆ చూపులో గర్వం ఉంది. మా ఆయన ఉన్నారు కాబట్టి ప్రమాదం తప్పింది అన్నట్టు.

ఆ ఏడు ఆవకాయ కలిపి, మొదటి ముద్ద ఎప్పటిలాగే కన్యక నోట్లో పెట్టారు అత్తగారు. ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కారం ఎక్కువైందని అందరం నవ్వాం.

మే నెలలో పదో తరగతి పేపర్లు దిద్దడానికి రాజమండ్రి వేశారు. పన్నెండు రోజులు. మా ఊరి నుంచి రాజమండ్రికి బస్సులో గంటంపావు. చాలామంది రోజూ వచ్చిపోయేవారు. నేను నాతోటి మాస్టారు దొరబాబు గారితో కలిసి లాడ్జిలో గది తీసుకున్నాను. ఎండలో తిరగలేనన్నాను ఇంట్లో. అది అసలు కారణం కాదు.

"వెళ్ళిరండి. అమ్మ ఉందిగా" అంది కన్యక, చెంగు అడ్డం పెట్టుకుని. "అచ్చిబాబు గారు ఇంజక్షను మందు అయిపోయిందన్నారు. వచ్చేటప్పుడు తెండి." అందుకని చీటీ జేబులో పెట్టుకున్నాను.

ఎనిమిదో రోజు మధ్యాహ్నం. స్కూలు హాల్లో పొడుగు బల్లల ముందు నలభై మందిమి కూర్చున్నాం. పేపర్లు ఎగిరిపోతాయని ఫాన్లు ఆపేశారు. ఇచ్చిన వాక్యాన్ని 'అన్‌లెస్' వాడి తిరగరాయమని ఒక ప్రశ్న. వాన పడకపోతే నేను వెళ్తాను అని వాక్యం. దొరబాబు గారు నాకు ఎదురుగా కూర్చుని దిద్దుతున్నారు. మనిషి గోదావరి మనిషి, ఊరుకోలేడు.

"జోగేశ్వరరావు గారూ, ఒకసారి ఇలా చూడండి. ఈ మహానుభావుడు 'అన్‌లెస్' అనే మాటని అమాంతం మింగేశాడండీ. ఇఫ్ తీసేశాడు, నాట్ తీసేశాడు, అన్‌లెస్ పెట్టడం మర్చిపోయాడు. ఏం మిగిలిందో తెలుసాండీ? వాన పడుతుంది, నేను వెళ్తాను! గొడుగైనా పట్టుకెళ్తాడో లేదో పాపం!"

చుట్టుపక్కల వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వబోయాను.

"మాటొకటి మింగేస్తే ఎటు పోవాల్సినవాడు ఎటు పోయాడో చూడండి" అన్నారు ఆయన.

నా చేతిలో ఎర్ర పెన్సిలు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాను. జేబులోంచి చీటీ తీశాను. ఎందుకు తీశానో అప్పటికి నాకు పూర్తిగా తెలియదు. రెండేళ్ళ మడతల మీద సిరా పలచబడింది గాని అక్షరాలు తెలుస్తూనే ఉన్నాయి. ఆ నాలుగు వాక్యాల తెలుగు ఇది.

పెన్సిలిన్ ఇంజక్షను మూడు వారాలకోసారి తప్పనిసరి. విడిగా పెన్సిలిన్ రక్షణ ఇచ్చి తప్ప పళ్ళు తీయరాదు. ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరుకు చూపించాలి. నోట్లో పిప్పి గాని చీము గాని ఉంటే ఆలస్యం చేయకుండా బాగుచేయించాలి.

రెండో వాక్యం మధ్యలో ఉంది అన్‌లెస్. చక్కని దస్తూరీతో రాశాడు డాక్టరు.

"ఏంటండీ, ఇంటి దగ్గర్నుంచి ఉత్తరమా?" అన్నారు దొరబాబు గారు.

"కాదండి. మందుల చీటీ" అన్నాను.

ఆ సాయంత్రం మెయిన్ రోడ్డులో పళ్ళ డాక్టరు జగన్నాథరావు గారి దగ్గరికి వెళ్ళాను. ఎనిమిది రోజులుగా లాడ్జికీ స్కూలుకీ మధ్య రోజుకు రెండుసార్లు ఆయన బోర్డు కిందుగా నడిచాను. చీటీ ఆయన చేతికిచ్చి, మా ఆవిడకు ఫలానా వైపు దంతం పిప్పి పట్టిందని చెప్పాను. ఆయన చీటీ రెండుసార్లు చదివాడు.

"ఇంత వివరంగా రాసిస్తే రెండేళ్ళు ఎందుకు ఊరుకున్నారండీ?"

నేను చీటీ వెనక్కి తీసుకుని మడతలు పెట్టాను.

"చూడండి మాస్టారూ. నోరు వేరు, ఒళ్ళు వేరు అనుకుంటాం. చిగుళ్ళ నిండా రక్తనాళాలే. పంటి కింద చీముంటే అన్నం నమిలిన ప్రతిసారీ అందులోని క్రిములు కాసిని నెత్తుట్లోకి పోతాయి. మీలాగా నాలాగా గుండె బాగున్నవాళ్ళకి ఏమీ కాదు. ఆవిడకి కవాటం గరుకుబారి ఉంటుంది. అక్కడ పట్టుకుంటాయి. పట్టుకుంటే ఇక మా చేతిలో లేదు. గుండె జబ్బున్నవాళ్ళకే ముందు పళ్ళు బాగుండాలండీ. పన్ను పీకించకూడదని కాదు. పీకే ముందు ఇంజక్షను ఇచ్చి పీకాలి."

"మూడు వారాలకోసారి పెన్సిలిన్ చేయిస్తున్నామండి."

"అది కీళ్ళ జ్వరం మళ్ళీ రాకుండా. దీనికది చాలదు. జ్వరం వస్తోందా ఆవిడకి? సాయంత్రాలు?"

"లేదండి" అన్నాను. నాకు తెలియదు. ఎనిమిది రోజులుగా నేను ఇంట్లో లేను. అంతకుముందూ దగ్గరగా లేను.

"రేపే తీసుకురండి."

తీసుకురాలేదు.

ఇక్కడ నేను జాగ్రత్తగా రాయాలి. పొరపాటుగా చదవడం ఒకటి. అది ఎవరికైనా జరుగుతుందని నాకు నేను చెప్పుకోగలను. ఆ తర్వాతి నాలుగు రోజులకు అలాంటి మాట దొరకదు. మర్నాడు సెలవు అడిగితే ఇచ్చేవారు. గంటంపావు ప్రయాణం. వెళ్ళి ఏమని చెప్పాలి? పీకించకూడదన్నవాణ్ణి, అత్తగారి ఎదుట రాతపూర్వకంగా అన్నవాణ్ణి, పీకిద్దాం పద అని ఎలా అనాలి? ఎందుకని అడిగితే? ఊళ్ళో మాస్టారు చీటీ తప్పు చదివాడంటే? నాలుగు రోజుల్లో ఏమవుతుందిలే, శివరాత్రి నుంచి ఉన్నదే కదా అనుకున్నాను. చెప్పడానికి ఒక మార్గం ఆలోచించుకోవచ్చు అనుకున్నాను. ఆ నాలుగు రోజులూ కూర్చుని పేపర్లు దిద్దాను. ఆ అన్‌లెస్ ప్రశ్నకు ఎవరికెన్ని మార్కులు వేశానో నాకు తెలియదు.

పన్నెండో రోజు సాయంత్రం ఇంటికి చేరేసరికి కన్యక వసారాలో చాప మీద పడుకుని ఉంది. మే నెల ఎండలో దుప్పటి కప్పుకుంది. అత్తగారు లేచి ఎదురొచ్చారు. ఆవిడ మొహం చూస్తే ఏదో దాస్తున్నారని తెలుస్తోంది.

"జ్వరమండీ. మొన్నటి నుంచి విడవడం లేదు. అచ్చిబాబు గారు మలేరియా అన్నారు, మాత్రలిచ్చారు."

"మొన్నటి నుంచేనా?"

ఆవిడ చెంగు కొస వేలికి చుట్టుకుంటూ చెప్పారు. "అవతలి గట్టు మీద సుబ్బాయమ్మ అని ఉంది చూడండి, పంటి పురుగు తీస్తుంది. పీకించకూడదన్నారు కదా, పొగైతే ఏం చేస్తుందిలే అని నేనే తీసుకెళ్ళాను. వాకుడు గింజలు నిప్పుల్లో వేసి గొట్టంతో నోట్లోకి పొగ పట్టింది. చిగురు సూదితో గీరి రెండు పురుగులు తీసి చూపించింది కూడానండీ. ఆ రాత్రే చలి మొదలైంది. నా బుద్ధి గడ్డి తిందండీ అల్లుడుగారూ. నేనే చేశాను."

"ఎప్పుడు తీసుకెళ్ళారు?"

"బుధవారం."

నేను పళ్ళ డాక్టరుతో మాట్లాడింది సోమవారం.

కన్యక పక్కన కూర్చున్నాను. చెంగు కోసం చెయ్యి కదిపింది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. కాలిపోతోంది.

"రాజమండ్రిలో డాక్టర్ని అడిగాను" అన్నాను. "ఇప్పుడు కొత్త మందొకటి వచ్చిందట. అది ఇచ్చి, గుండె జబ్బున్నవాళ్ళకీ పన్ను తీయొచ్చట."

పన్నెండేళ్ళ కాపురంలో, ఆ ఎండ సాకు తప్పిస్తే, ఆమెకు నేను చెప్పిన మొదటి అబద్ధం అదే అనుకుంటాను. నాలుగు రోజులు ఆలోచించి కనుక్కున్న మార్గం అది.

"అయితే మంచిదే కదండీ" అంది. ఆమె కళ్ళల్లో వెలుగు వచ్చింది. "మీరు అడగబట్టి తెలిసింది."

మర్నాడు టాక్సీ మాట్లాడుకుని వెళ్ళాం. జగన్నాథరావు గారు జ్వరం చూశాడు, గోళ్ళ కింద ఎర్రటి గీతలు చూశాడు. పన్ను ముట్టుకోలేదు. "ఇక్కడ కాదండీ. తిన్నగా కాకినాడ వెళ్ళండి" అని నన్ను బయటికి పిలిచి చెప్పాడు.

కాకినాడలో పదిహేడు రోజులున్నాం. చీటీ రాసిన గుండె డాక్టరే వచ్చి చూశాడు. ఆయన ఎలాంటి ఉపచారమూ తక్కువ చేయలేదు. రోజుకు నాలుగుసార్లు ఇంజక్షన్లు. మూడో రోజు రక్తపరీక్ష కాగితం చేత్తో పట్టుకుని మంచం పక్కన నిలబడి, చదువుకున్నవాణ్ణని నాతో ఇంగ్లీషులో మాట్లాడాడు. ఇన్‌ఫెక్షను కవాటం మీద గూడు కట్టిందని, ఇది ఈ వారం మొదలైంది కాదని, కనీసం నెలా నెలన్నర నుంచి లోపల సాగుతోందని చెప్పాడు. ఏప్రిల్ నుంచే సాయంత్రాలు ఒళ్ళు వెచ్చబడేదని, వేసవి కదా అనుకున్నానని అంతకుముందే కన్యక నర్సుతో చెప్పింది. నాకు చెప్పలేదు.

"నేను రాసిచ్చాను కదా, పళ్ళ డాక్టరుకు చూపించలేదా?" అన్నాడు ఇంగ్లీషులోనే.

"లేదు సార్" అన్నాను, ఇంగ్లీషులో.

ఆయన నా వైపు ఒక్క క్షణం చూసి, పక్క మంచానికి వెళ్ళిపోయాడు. మనిషి మంచివాడు.

"ఏమంటున్నారండీ?" అంది కన్యక.

అత్తగారు కూడా నా మొహంలోకి చూస్తున్నారు. ఇద్దరూ నేను చదివి చెప్పడం కోసం ఎదురుచూస్తున్నట్టున్నారు.

"జ్వరం తగ్గుతుందంటున్నారు" అన్నాను.

నిజంగానే తగ్గింది. రెండో వారంలో లేచి కూర్చుంది. కాస్త గంజి తాగింది. కిటికీలోంచి రోడ్డు మీద బళ్ళు చూస్తూ, నాతో చెంగు అడ్డం లేకుండా మాట్లాడేది. ఒళ్ళు బాగోక మర్చిపోయిందో, ఇక పర్వాలేదనుకుందో. నేను వీలైనంత దగ్గరగా కూర్చునేవాణ్ణి. అప్పుడు వాసన నన్నేమీ చేయలేదు. అది ముందే ఎందుకు సాధ్యం కాలేదో నాకు తెలియదు.

ఒక మధ్యాహ్నం అత్తగారు కిందికి పాలకు వెళ్ళారు.

"ఒక మాట చెప్పనా అండీ" అంది. "ఆ కొత్త మందేదో కాస్త ముందే వచ్చుంటే బాగుండేది కదా. ఒక్క రెండు నెలలు."

ఆమె మామూలుగానే అంది. బస్సు కాస్త ముందొచ్చుంటే బాగుండేది అన్నట్టు. నన్ను చూస్తూనే ఉంది. గదిలో మేమిద్దరమే ఉన్నాం. పక్క మంచం ఖాళీగా ఉంది.

"అవును" అన్నాను.

"పోన్లెండి. మన చేతుల్లో ఉందేంటి" అని నా చేతి మీద తట్టింది.

జూన్ ఎనిమిదో తారీకు పొద్దున్న ఆరున్నరకు నర్సు థర్మామీటరు పెడుతుండగా ఊపిరాడడం లేదంది. ఏడింటికల్లా అయిపోయింది. కవాటం చిరిగిందని చెప్పారు.

ఇంటికి తెచ్చేసరికి కాలవకు నీళ్ళొదిలారు. ఎర్ర నీళ్ళు ఎండుటాకులు తోసుకుంటూ మా ఇంటి ముందు నుంచి పోతున్నాయి. పొలాలవాళ్ళు గట్ల మీద నిలబడి చూస్తున్నారు. మమ్మల్ని చూసి పక్కకు తప్పుకున్నారు.

కర్మలన్నాళ్ళూ ఇంటి నిండా జనం. వచ్చినవాళ్ళందరికీ మా అత్తగారు ఒకటే మాట చెప్పేవారు. "నేనే చంపుకున్నానమ్మా. పొగ పట్టించి, సూది గుచ్చించి నేనే చంపుకున్నాను. ఆయన పేపర్లు దిద్దడానికి వెళ్ళారు. ఉండుంటే పోనిచ్చేవారా?" వినేవాళ్ళు కాదని అనేవారు కాదు. కొంతమంది ఆవిడ వెనక, "పెద్దావిడకి ఆ మాత్రం తెలియొద్దా?" అనుకోవడం నేను విన్నాను. నన్ను మాత్రం అందరూ ఓదార్చారు. "మీరు చెయ్యాల్సిందంతా చేశారు మాస్టారూ. రెండేళ్ళు ఒక్క ఇంజక్షను తప్పనివ్వలేదు" అన్నాడు అచ్చిబాబు. సుబ్బాయమ్మ ఇంటి మీదికి మా బంధువుల్లో ఇద్దరు తగువుకు వెళ్ళారు. ఆమె ఊరొదిలి కూతురింటికి పోయిందని తర్వాత తెలిసింది. నేను కుర్చీలో కూర్చుని ఉన్నాను.

పెద్ద కర్మ అయ్యాక అత్తగారు నెల మాసికం దాకా ఉండిపోయారు. నాకు వండిపెట్టేవారు. తను ఒక్కపూట తినేవారు. పొయ్యి ఊదుతూ పొగ మొహాన కొట్టినప్పుడల్లా ఊదుగొట్టం కింద పెట్టి అలాగే కూర్చుండిపోయేవారు. ఒకరోజు అన్నం మాడిపోయేదాకా అలా కూర్చున్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. ఆ రోజైనా చెప్పాల్సింది.

మాసికం మర్నాడు పిఠాపురం ప్రయాణం. ఆవిడ సంచి సర్దుకుని వసారాలో కూర్చున్నారు. బస్సుకు ఇంకా టైముంది.

"అత్తయ్యగారూ, పొగ వల్ల కాదండి" అన్నాను.

"ఊరుకోండి. నన్ను ఓదార్చకండి."

"ఓదార్చడం కాదండి." నేను నేల మీద కూర్చున్నాను. చీటీ ఆవిడ చేతికివ్వలేదు. ఇచ్చీ ప్రయోజనం లేదు. అందులో ఏముందో, బస్టాండులో నేనేం చెప్పానో, ఏ మాట వదిలేశానో వరసగా చెప్పాను. సోమవారం పళ్ళ డాక్టరు ఏమన్నాడో, నేను ఏ రోజుదాకా ఇంటికి రాలేదో చెప్పాను. కొత్త మందు అనేది లేదని చెప్పాను. ఆసుపత్రిలో డాక్టరు ఇంగ్లీషులో అన్నది చెప్పాను. ఈసారి ఏదీ వదలలేదు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆవిడ ఏడవలేదు. నా మీద కేకలు వేయలేదు. కాలవ వైపు చూస్తూ అడిగారు.

"ఆ రాజమండ్రి డాక్టరు పన్ను తీయడానికి ఎంతసేపు పడుతుందండీ?"

"పది నిమిషాలంటారండి."

"నొప్పి పుడుతుందా?"

"చిగురుకి ఇంజక్షను ఇస్తారు. తెలియదట."

"తెలియదా?"

"తెలియదటండి."

ఆవిడ ఆ మాటని తనలో తాను ఇంకోసారి అనుకున్నట్టు పెదవులు కదిపారు.

"అమ్మాయికి చెప్పారా ఈ సంగతి? ఆసుపత్రిలో, ఎప్పుడైనా?"

"లేదండి."

"అడిగిందా?"

"అడిగినట్టే అడిగిందండి."

తల ఊపారు. లేచి, చీర కుచ్చెళ్ళు సర్దుకున్నారు. సంచి తీసుకోబోయాను. ఇవ్వలేదు. గుమ్మం దిగి వెనక్కి తిరిగారు. కొత్తవాళ్ళని అడిగినట్టు, మర్యాదగానే అడిగారు.

"పిఠాపురం బస్సు ఎన్నింటికండీ, మాస్టారూ?"

పన్నెండేళ్ళలో ఆవిడ నన్ను అలా పిలవడం అదే మొదటిసారి.

"పదకొండింటికండి" అన్నాను.